పనిలో చిక్కు, దాని ముడి

మాచెర్లనుండి నాగార్జునసాగరమునకు పోవు దారికి చేరువలో ఎత్తిపోతల కలదు. చంద్రవంక అచ్చట సుమారు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దూకి, ముందునకు సాగి కృష్ణలో కలియును. అచ్చటికి సుమారు 11 కిలోమీటర్ల దూరమున సాగరపు ఆనకట్ట నిలిచియున్నది. ఇచ్చట నీరు తనంతట తానే క్రిందికి దూకును. అచ్చట రాయి మనుష్యుని శ్రమచే మీదికి ఎక్కినది. పనిచోట ఎదురగు చిక్కులను గూర్చి ముచ్చటించుటకు ఇంతకంటె తగిన తావు మాకు తోచలేదు.

ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిరి. విదేశములనుండి యంత్రములు తెప్పించుటకు వలయు ద్రవ్యము ఆ దినములలో దేశమునకు కొరతగా నుండెను. ‘యంత్రములు లేవు గదా, ఎట్లు కట్టుదుము?’ అని కూర్చున్నచో పని సాగెడిది కాదు. ‘మన చెంత ఏమి కలదు?’ అని అడిగినప్పుడు దారి కనబడును. చుట్టును రాయి కలదు. పనికి వచ్చు చేతులు వేలకొలది కలవు. 1958లో మాచెర్లయందే సిమెంటు కర్మాగారము వెలసెను. కావున నడిమి కట్టడమును రాతితో కట్టిరి. స్త్రీపురుషులు పరంజాల వాలుబాటల వెంట రాయిని, మాలును మోసిరి. పునాది అడుగునుండి 124 మీటర్ల ఎత్తుగా గోడ లేచినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి.

అదే చోట మరియొక చిక్కు కలదు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి శిథిలములు ఆ లోయలోనే యుండెను. ‘పంటకు నీరా? ప్రాచీన శిల్పమా?’ అని వాదించినంత కాలము ముడి బిగియునే కాని వీడదు. ‘నీరు వచ్చులోగా వేనిని కాపాడగలము? ఎచ్చటికి చేర్పగలము?’ అని యోచించినప్పుడు మాత్రమే చేయదగిన పని కానవచ్చును. డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు సాగినవి. నీటికి అందని నాగార్జునకొండ పైభాగమున తొమ్మిది కట్టడములను మరల నిలిపిరి. కొన్నింటికి ప్రతిరూపములను కొండమీదను, అనుపులోను నిర్మించిరి.

అయినను చిక్కు వీడుట యనగా నష్టము లేకుండుట కాదు. లోయలోని పల్లెలవారు ఇండ్లను, పొలములను విడిచి పోయిరి. కట్టడపు పనిలో ప్రాణములు కోల్పోయిన కూలీలును కలరు. పరిష్కారమును పొగడునప్పుడు దాని వెల చెల్లించినవారిని మరువరాదు.

ఇంత పెద్ద పనిలో నేర్వదగినది చిన్న పనికిని వర్తించును. మేము పనిచేసిన యొక కార్యాలయమున దరఖాస్తులు వారములకొలది నిలిచిపోవుచుండెడివి. గుమాస్తా సోమరియని అందరును తలంచిరి. ఆతనికి జరిమానా వేసిరి. ఆ ఉత్తరువుపై మా సంతకమును కలదు. జరిమానా వేసినను ఆలస్యము తగ్గలేదు. అప్పుడు మేమొక కాగితము వెంట బల్లనుండి బల్లకు నడచి చూచితిమి. గుమాస్తా యొద్ద అది ఒక పూట మాత్రమే ఆగెను. సంతకము చేయవలసిన అధికారి తరచు ఊళ్లు తిరుగువారగుటచే, వారి బల్లపై పండ్రెండు దినములు ఆగెను. వారు లేనప్పుడు సంతకము చేయుటకు మరియొకరిని నియమించినంతనే చిక్కు తీరినది. జరిమానా సొమ్ము తిరిగి యిచ్చితిమి. ఆతడు మారుమాటాడక పుచ్చుకొనెను గాని, మునుపటివలె మాతో నవ్వుచు మాటాడలేదు.

కావున పనిలో చిక్కు వచ్చినప్పుడు ‘తప్పెవరిది?’ అని అడుగుటకు ముందు ‘పని ఎచ్చట ఆగినది?’ అని అడుగవలెను. కూర్చున్నచోటనుండి ఊహింపక పని వెంట నడువవలెను. బరువు మోయువానిని పిలిచి యడుగవలెను. బాటలో ఎచ్చట కాలు జారునో వానికే తెలియును. లేనిదానికై వగచుట మాని యున్నదానిని లెక్కింపవలెను. ఈ మాటలు మీకు క్రొత్తవి కాకపోవచ్చును. కాని ఇట్లు అడుగక మేము చేసిన సంతకము మాకు నేటికిని జ్ఞాపకమున్నది.