శిక్ష మీద ఏమైనా చెప్పుకుంటారా?



పిల్లలూ, నా మొదటి సెషన్స్ కేసులో ముద్దాయి దోషి అని తేలింది. జడ్జి గారు తలెత్తి, "శిక్ష మీద ఏమైనా చెప్పుకుంటారా?" అన్నారు. "ముసలి తల్లి ఉందండీ, దయ చూపండి" అన్నాను. జైలుకు తీసుకెళ్తుంటే అతనే చెప్పాడు, వాళ్లమ్మ పోయి మూడేళ్లయిందని. నేనెప్పుడడిగాను గనక!

జడ్జి అడిగిన ఆ ప్రశ్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది, దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే ఉరి అంది. ఏది అరుదో కొలిచే తూకపురాయి మాత్రం ఇవ్వలేదు. కొలత లేకపోతే ఏమవుతుందో హర్‌బన్స్ సింగ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఒకే ఘోరంలో సమానంగా పాలుపంచుకున్న ముగ్గురికీ ఉరిశిక్షే పడింది. సుప్రీంకోర్టుకు విడివిడిగా వెళ్లారు. ఒకడికి యావజ్జీవంగా తగ్గింది. ఒకడిని 1981 అక్టోబరు 6న ఉరితీశారు. అదేరోజు ఉరికంబమెక్కాల్సిన మూడోవాడు రిట్ వేయడంతో ఆ ఉరి ఆగింది. అతని శిక్ష తగ్గించమని 1982లో కోర్టే రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. నేరం ఒకటే, ధర్మాసనాలు వేరు.

కొలత లేని తిప్పలు ముద్దాయిలకే కాదు. జడ్జినే పదవి నుంచి తప్పించాల్సి వస్తే? రాజ్యాంగం 124వ అధికరణంలో ఉన్నది "రుజువైన దుష్ప్రవర్తన లేదా అసమర్థత" అన్న మాటే. దుష్ప్రవర్తన అంటే ఏమిటో అక్కడా చెప్పలేదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి. రామస్వామి మీద 14 ఆరోపణల్లో 11 రుజువయ్యాయని విచారణ కమిటీ తేల్చింది. 1993 మే 11న లోక్‌సభలో ఆయన్ని తొలగించాలన్న తీర్మానానికి అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 205 మంది తటస్థంగా కూర్చున్నారు, కావలసిన మెజారిటీ రాక తీర్మానం వీగిపోయింది. కాదనే ధైర్యం లేనివాళ్లే ఆయన్ని కాపాడారని నేనంటాను.

పార్లమెంటు సంగతి మీ చేతిలో లేదు, సెషన్స్ కోర్టు సంగతి ఉంది. దోషి అన్నాక శిక్షపై వాదనకు మరో తేదీ ఇవ్వడం మామూలు పద్ధతి కావాలని అల్లావుద్దీన్ మియాన్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ వాయిదా అడగండి. ఆలోగా ముద్దాయి ఊరికి వెళ్లండి. చదివిన బడి, చేసిన పని, పడిన జబ్బు తెలుసుకోండి. తల్లి బతికుందో లేదో కూడా కనుక్కోండి.