పారిస్ బిస్ట్రోలో ఫ్రెండ్స్‌తో భోజనం: ఆర్డర్ నుంచి బిల్లు దాకా

 

పారిస్ వెళ్తున్నాం, ఫ్రెండ్స్ అందరం కలిసి ఒక పూట అసలైన ఫ్రెంచ్ భోజనం చెయ్యాలి, ఎక్కడికి వెళ్ళమంటారు అని నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేది ఒకటే, బిస్ట్రోకి వెళ్ళండి. పెద్ద పెద్ద రెస్టారెంట్లు వద్దు.

బిస్ట్రో అంటే ఏంటి? చిన్న హాలు, దగ్గర దగ్గరగా బల్లలు, గోడ మీద నల్ల పలక, దాని మీద సుద్దముక్కతో ఆ రోజు ఏం వండారో రాసుంటుంది. మన మెస్‌కి కొంచెం పైమెట్టు అనుకోండి. రష్యా సైనికులు 1814లో పారిస్ వచ్చి "త్వరగా, త్వరగా" అని వాళ్ళ భాషలో అరిస్తే ఈ పేరు వచ్చిందని ఒక కథ చెప్తారు. కథ బాగుంది గానీ, ఆ మాట రాతలో కనపడేది 1880లలో! 70 ఏళ్ళు ఎక్కడ దాక్కుందండీ? అందుకే భాష తెలిసినవాళ్ళు ఆ కథ నమ్మరు. ఇలాంటి చోట్లు పెరగడానికి కారణం మాత్రం చాలావరకు ఓవెర్న్ అనే కొండప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళు. ముందు నీళ్ళు మోశారు, తర్వాత బొగ్గు అమ్మారు, బొగ్గుతో పాటు వైన్ అమ్మారు, మెల్లగా కేఫ్‌లు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో ఉడిపి వాళ్ళు హోటళ్ళు పెట్టినట్టే అన్నమాట.

సరే, అసలు సంగతికి వద్దాం. మనం ఫ్రెండ్స్‌తో హోటల్‌కి వెళ్తే ఏం చేస్తాం? రెండు బిర్యానీలు, మూడు కూరలు, మధ్యలో పెట్టుకుని అందరం వడ్డించుకుంటాం. ఎవరు ఏం తినరో అక్కడే సర్దుబాటు అయిపోతుంది. బిస్ట్రోలో అలా కాదు. ఎవరి ప్లేటు వాళ్ళది. మొదట ఆంత్రే, అంటే మొదలుపెట్టే వంటకం. అమెరికాలో ఉన్నవాళ్ళు జాగ్రత్త, అక్కడ అదే మాటకి మెయిన్ డిష్ అని అర్థం, ఇక్కడ కాదు. తర్వాత ప్లా, అది అసలు భోజనం. ఆఖర్న స్వీటు. కాబట్టి ఒకళ్ళకి తినేది దొరక్కపోతే, పక్కవాళ్ళ గిన్నెలోంచి సర్దుకునే దారి లేదు. అందరూ తింటుంటే ఆ ఒక్కరూ రొట్టె నములుతూ కూర్చోవాలి. అది చూడ్డానికే బాధగా ఉంటుంది.

పోయిన అక్టోబరులో మేం ఆరుగురం వెళ్ళాం. ఒకావిడ వెజ్. ఇద్దరు బీఫ్ ముట్టరు. ఒక అబ్బాయి అక్కడే ఎం.ఎస్. చదువుతున్నాడు, నెలాఖరు! ఆవిడ పలక చూసి ఉల్లిపాయ సూప్ బాగుంది అంది. పేరులో ఉల్లిపాయే ఉంది, పైన చీజ్, రొట్టెముక్క, ఇంకేం అనుమానం? కానీ ఆవిడ ఊరుకోలేదు, సర్వర్‌ని పిలిచి అడిగింది. అతను లోపలికి వెళ్ళి వచ్చి, ఎముకలు మరిగించిన బీఫ్ రసంతో చేస్తాం మేడమ్ అన్నాడు. చాలా చోట్ల అంతే. అదే నోటితో, మేకపాల చీజ్ వేడిచేసి పెట్టే సలాడ్ ఉంది, అందులో లార్దోన్ వెయ్యకుండా ఇస్తాను అన్నాడు. లార్దోన్ అంటే చిన్న చిన్న పందిమాంసం ముక్కలు. సలాడ్‌లో వేస్తారు, కీష్ లొరేన్‌లో వేస్తారు, బీన్స్‌లో కూడా కనిపిస్తాయి. అడిగితే తీసేస్తారు, అడగకపోతే తీసెయ్యరు. చీజ్ విషయంలో పట్టింపు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అక్కడి పాతరకం చీజ్‌లు చాలావాటిని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. అది తెలిసి నిర్ణయించుకోండి.

బీఫ్ వద్దనుకునేవాళ్ళు బఫ్ అనే మాట గుర్తుపెట్టుకోండి. వో అన్నా దూడమాంసమే. స్టేక్ తార్తార్ అయితే పచ్చి బీఫ్, పైన పచ్చిసొన. పూలే కోడి, కనార్ బాతు. మా వాళ్ళిద్దరూ బాతు కాలు తిన్నారు. దాన్ని దాని కొవ్వులోనే సన్నసెగ మీద గంటల తరబడి మగ్గబెడతారు, ఎముక నుంచి మాంసం ఊడి వస్తుంది. కారం లేదని సణిగిన ఆయనే ప్లేటు రొట్టెతో తుడిచి తిన్నాడు. స్టేక్ తినేవాళ్ళు బాగా కాలాలంటే "బియాన్ క్వీ" అని చెప్పాలి. "ఆ ప్వాన్" అంటే సరిగ్గా ఉడికింది అనుకుంటారు మనవాళ్ళు, లోపల ఎర్రగానే వస్తుంది.

ఇక డబ్బులు. దీని గురించి మాట్లాడ్డానికి మొహమాటపడతాం కదా, చదువుకునే పిల్లలకి దెబ్బ అక్కడే తగులుతుంది. మధ్యాహ్నం వెళ్ళండి. ఫోర్ముల్ అని ఉంటుంది, రెండు వంటకాలు కలిపి ఒక ధర, మామూలు చోట్ల 20 యూరోల అటూ ఇటూ. రాత్రికి అదే తిండి బాగా ఎక్కువవుతుంది. రెండు దాటాక మాత్రం వెళ్ళకండి, చాలా చోట్ల వంటిల్లు మూసేస్తారు. వాటర్ అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు, "కారాఫ్ దో" అనండి, కూజాలో కుళాయి నీళ్ళు ఉచితం. భోజనంతో రొట్టె కూడా ఉచితమే. పలక మీద రాసిన ధరలోనే పన్నూ సర్వీసూ కలిసి ఉంటాయి, అది చట్టం. అమెరికాలోలాగా 20 శాతం టిప్ లెక్కలు కట్టక్కర్లేదు. నచ్చితే ఒకటి రెండు యూరోలు పెట్టండి, చాలు.

ఫ్రెండ్స్ మధ్య సమంగా పంచుకోవడం అక్కడా ఉంది. కానీ ముగ్గురు వైన్ తాగి, ఆరుగురు పంచుకుంటే న్యాయమా చెప్పండి? మేం కూర్చోకముందే అనుకున్నాం, వైన్ తాగినవాళ్ళదే, తిండి ఎవరిది వాళ్ళది అని. లోపలికి వెళ్ళాక ఆ మాట ఎత్తితే ఆ అబ్బాయి "పర్లేదన్నా, నేనూ ఇస్తా" అనేవాడు, మనసులో మాత్రం లెక్కలు వేసుకునేవాడు. సర్వర్ మెషిన్ తెచ్చాడు, ఎవరి కార్డు వాళ్ళు పెట్టారు. అంతా నిమిషంలో అయిపోయింది.

ఇంకోటి. మీరు అడిగేదాకా బిల్లు రాదు. అరగంట చూసి, మనల్ని పట్టించుకోవట్లేదు అని కోపం తెచ్చుకునేవాళ్ళున్నారు. అడగకుండా బిల్లు తెస్తే లేవమన్నట్టు, అది వాళ్ళ లెక్కలో మర్యాద కాదు. కాఫీ అయిపోయినా ఇంకాసేపు కబుర్లు చెప్పుకోవచ్చు. లేవాలనిపించినప్పుడు సర్వర్ కళ్ళలోకి చూసి, "లాదిసియోన్, సిల్ వూ ప్లే" అనండి. చిటికెలు వెయ్యకండి, లోపలికి అడుగు పెట్టగానే "బోన్‌జూర్" అనడం మర్చిపోకండి.