బిల్లుకు అబ్జెక్షన్

(ఖమ్మంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో, భద్రాచలం నుంచి వచ్చిన ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు చాలా మాట్లాడారు. నన్ను పది నిమిషాలు ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమన్నారు. నేను సెల్‌ఫోను బిల్లు గురించి చెబుతాను. ఇంత చిన్న విషయమా అని నవ్వకండి. ఈ విషయంలో నేను పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు.

నేను ఖజానా శాఖలో 35 ఏళ్ళు పనిచేసి 2009లో రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా ఇతరుల బిల్లులు చూడడమే. కూడిక తప్పినా, వోచరు లేకపోయినా, సంతకం లేకపోయినా ఎర్రసిరాతో అబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి. ఈ సభలోనే నన్ను తిట్టుకున్నవారు నలుగురైదుగురు ఉండి ఉంటారు. అంతటి వాణ్ణి, నా ఇంటికి వచ్చిన బిల్లును మాత్రం చదవకుండానే నమ్మాను.

2014 సంగతి. మా అమ్మాయికి రెండో కాన్పు. అల్లుడుగారు చింతూరు అవతల, శబరి ఒడ్డున ఒక ఊళ్ళో ఉపాధ్యాయుడు. బడులు తెరిచే రోజులు, పెద్దపిల్లను వదిలి రాలేనంది. అందుచేత ఈసారి మేమే వెళ్ళాం. నేనూ మా ఇంటావిడా జూన్ 5న బయల్దేరి 25న తిరిగి వచ్చాం. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది పెరట్లో చింతచెట్టు కింద ఒక్కచోటే. రోజుకు ఇరవై ఫోన్లు, అందరూ అమ్మాయి ఎలా ఉందని అడిగేవారే.

జూలైలో బిల్లు వచ్చింది. ఎప్పుడూ 270 రూపాయలు దాటని బిల్లు 1,059 రూపాయల 55 పైసలు. అడుగున ఏవో ఆటల సర్వీసు, జోకుల సర్వీసు, కాలర్ ట్యూను అని మూడు పద్దులు. ఆటలు అనే మాట కనబడగానే నా కళ్ళు మా పెద్దవాడి కొడుకు మీద పడ్డాయి. అప్పుడు వాడు ఎనిమిదో తరగతి. సాయంత్రాలు నా ఫోను తీసుకుని ఆడుకోవడం వాడికి అలవాటు. ఇంట్లో చుట్టాలుండగా, అందరి ముందు, వాణ్ణి దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టి కేకలేశాను.

"నేను కాదు తాతయ్యా" అన్నాడు.

"నువ్వు కాకపోతే బిల్లు అబద్ధం చెబుతుందా?" అన్నాను.

వాడింకేమీ మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి నా పక్కన కూర్చుని అన్నం తినడం మానేశాడు. నా ఫోను ముట్టుకోవడమూ మానేశాడు. మా ఇంటావిడ మాత్రం ఒక్కమాట అంది. "ఏమండీ, ఆఫీసులో అందరి బిల్లులూ తేదీలతో సహా చూసేవారు కదా. ఇది చూశారా?"

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. మర్నాడు ఉదయం కళ్ళజోడు పెట్టుకుని, ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు దానితో పనిలేదు. వివరాల బిల్లు తెప్పించాను. అందులో ఆ మూడు సర్వీసులూ మొదలైన తేదీ జూన్ 11, రాత్రి 9 గంటల 40 నిమిషాలు అని ఉంది. ఆ రాత్రి ఫోను శబరి ఒడ్డున నా జేబులో ఉంది. పిల్లవాడు భద్రాచలంలో ఉన్నాడు. మధ్యలో అడవి ఉంది. ఒక్క తేదీ చూసి ఉంటే ఆ పిల్లవాడి మీద నింద పడేది కాదు.

బిల్లును మూడు ముక్కలుగా విడదీశాను. అద్దె, మామూలు కాల్సు 240 రూపాయలు. ఆ మూడు సర్వీసులకు 30, 49, 99 చొప్పున 178 రూపాయలు. మిగిలిన 525 రూపాయలు రోమింగు. వచ్చిన కాల్సు 400 నిమిషాలకు 75 పైసల చొప్పున 300, చేసిన కాల్సు 150 నిమిషాలకు రూపాయిన్నర చొప్పున 225. ఆ మొత్తం మీద అప్పటి సర్వీసు టాక్సు 12.36 శాతం. లెక్క పైసాతో సహా సరిపోయింది. కూడిక సరిపోయినంత మాత్రాన బిల్లు సరైనది కాదని మన శాఖలో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు. ఆ పాఠం నాకు అరవై దాటాక మళ్ళీ గుర్తొచ్చింది.

రోమింగు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అడవి అంచున ఉన్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఆ ఏడాదే చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనున్న ఎటపాక అటు వెళ్ళిపోయింది. "రాష్ట్రం మారింది కదా, అందుకే రోమింగు పడింది" అన్నారు అందరూ. అది పొరపాటు. రాష్ట్రాలు రెండైనా టెలిఫోను వారి సర్కిలు ఒక్కటే. ఎటపాక వెళ్ళినా, విజయవాడ వెళ్ళినా అది మన సర్కిలే. కాని ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ సర్కిల్లో ఉంది, ఒడిశా వేరే సర్కిలు. అల్లుడుగారి పెరట్లో చింతచెట్టు కింద నా ఫోను పట్టుకున్నది అవతల, కుంట వైపు ఉన్న టవరును. మనిషి సరిహద్దు దాటలేదు గాని ఫోను దాటింది. ఆ రోజుల్లో వేరే సర్కిల్లో ఉంటే వచ్చే కాల్‌కు కూడా డబ్బు తీసుకునేవారు. 2013 జూలై నుంచి నిమిషానికి 75 పైసలు మించకూడదని ట్రాయ్ వారు పరిమితి పెట్టారు. 2015 మేలో దాన్ని 45 పైసలకు తగ్గించారు. ఆ తరువాత కంపెనీలే ఒకటొకటిగా ఎత్తివేశాయి.

ఇక నా అబ్జెక్షను. వివాదం లేని 270 రూపాయలు ముందు కట్టి రసీదు తీసుకున్నాను. తరువాత కస్టమరు కేరుకు ఫోను చేశాను. "మీ నంబరు నుంచే యాక్టివేట్ అయింది సార్" అంది ఆ అమ్మాయి. ఆమెను ఏమీ అనలేదు, ఆమె కూడా మనలాగే ఒక సీట్లో కూర్చున్న ఉద్యోగి. డాకెట్ నంబరు అడిగి రాసుకున్నాను. డాకెట్ నంబరంటే మన ఇన్‌వర్డు నంబరు లాంటిది. అది లేకపోతే మనం ఫిర్యాదు చేసినట్టే కాదు. ఫిర్యాదు తిరస్కరించాక అప్పీలు పంపాను. 2012లో ట్రాయ్ చేసిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ ఒక అప్పీలు అధికారి ఉంటాడు. 30 రోజుల లోపల అప్పీలు చేసుకోవాలి, 39 రోజుల లోపల వారు తేల్చాలి. రుసుము ఏమీ లేదు.

అప్పీల్లో ఆవేశపడలేదు. ఒక అరఠావు మీద రెండు ప్రశ్నలు రాశాను. మొదటిది, 2013 జూలైలో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి సర్వీసుకు వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకోవాలి, నా రెండో ఒప్పుదల ఏ తేదీన, ఎన్ని గంటలకు నమోదైంది? రెండవది, నేను సర్కిలు దాటని 20 రోజులకు రోమింగు ఎలా వేశారు?

నిజం చెప్పాలంటే మొదటి ఒప్పుదల నాదే అయి ఉండవచ్చు. ఆ రాత్రి ఫోను మీద ఏదో వెలుగు మెరిసి, తీసేద్దామని చీకట్లో ఏదో నొక్కినట్టు గుర్తు. కాని రెండోసారి నొక్కలేదు. వారు కూడా రెండో ఒప్పుదల చూపించలేకపోయారు. 33వ రోజున జవాబు వచ్చింది. 178 రూపాయలు, దాని మీద పన్ను 22 రూపాయలు, వెరసి సరిగ్గా 200 రూపాయలు రద్దు. రోమింగు మాత్రం రద్దు చేయలేదు. ఏ టవరు సేవ ఇచ్చిందో ఆ టవరు లెక్కే అన్నారు. పన్నుతో 589 రూపాయల 89 పైసలు కట్టాను.

ఆ డబ్బుకు నేను పెద్దగా బాధపడలేదు, ఎందుకో చెబుతాను. అమ్మాయికి నొప్పులు మొదలైంది అర్ధరాత్రి, వాన. చింతూరు జీపు డ్రైవరుకు ఫోను కలిసింది ఆ అవతలి టవరు మీదే. తెల్లవారేసరికి భద్రాచలం ఆసుపత్రిలో ఉన్నాం, తల్లీ బిడ్డా క్షేమం. ఆ కాల్ పద్దు బిల్లులో మూడు నిమిషాలు, నాలుగున్నర రూపాయలు అని ఉంది. దానికి నేను అబ్జెక్షన్ రాయలేకపోయాను.

పై కోర్టుకు ఎందుకు వెళ్ళలేదని అడగవచ్చు. టెలిఫోను బిల్లుల తగాదాలు వినియోగదారుల ఫోరం వినకూడదని, 1885 నాటి టెలిగ్రాఫు చట్టం ప్రకారం మధ్యవర్తి వద్దకే పోవాలని 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పి ఉంది. ఆ తీర్పు చూసి చాలామంది వెనక్కు తగ్గారు. కాని అహ్మదాబాదులో ఒక వినియోగదారుడు తగ్గలేదు. నెలకు సగటున 555 రూపాయలు వచ్చే ఆయనకు 2013 నవంబరు 8 నుంచి డిసెంబరు 7 వరకు 24,609 రూపాయల 51 పైసల బిల్లు వచ్చింది. ఆయన 2014లో జిల్లా ఫోరానికి వెళ్ళారు. కంపెనీ వారు, అంటే ఇప్పటి వొడాఫోన్ ఐడియా, ఈ ఫోరానికి అధికారమే లేదంటూ సుప్రీంకోర్టు దాకా పోయారు. 2022 ఫిబ్రవరి 16న జస్టిస్ చంద్రచూడ్ గారి అధ్యక్షతన ముగ్గురు న్యాయమూర్తులు, వినియోగదారుల ఫోరానికి అధికారం ఉందని తేల్చారు. ఎనిమిదేళ్ళు ఓపిక పట్టిన ఒక్క మనిషి వల్ల మనందరికీ ఆ తలుపు తెరుచుకుంది.

కనుక ఇప్పుడు మీరు చేయవలసినది వరుసగా మనవి చేస్తాను.

బిల్లును గాని, ప్రీపెయిడు బ్యాలెన్సు గాని నెలకోసారి తేదీలతో చూడండి. ప్రీపెయిడు వారికి కూడా వివరాల బిల్లు అడిగే హక్కు ఉంది, 50 రూపాయలకు మించి తీసుకోకూడదు, వెనుకటి 6 నెలల వరకు ఇస్తారు. ఫిర్యాదుకు డాకెట్ నంబరు తీసుకోండి. తేలకపోతే అప్పీలు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, రెండేళ్ళ లోపల వేయాలి, 5 లక్షల వరకు రుసుము లేదు, వకీలు పెట్టుకోనవసరం లేదు. మన చేతి రాత, మన కాగితాలు చాలు.

ఒక హెచ్చరిక. కస్టమరు కేరు నంబరు బిల్లు మీద ఉన్నదే వాడండి. ఎవరో పంపిన మెసేజిలో ఉన్న నంబరుకు చేయకండి. డబ్బు వాపసిస్తాం, ఓటీపీ చెప్పండి అంటే ఫోను పెట్టేయండి. మన పెన్షను బ్యాంకు ఖాతా ఆ నంబరుకే ముడిపడి ఉందని మరవకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

మా భద్రాచలంలో ఒక కథ అందరికీ తెలుసు. రామదాసు గారు మనలాంటి ఉద్యోగే, పాల్వంచ తహసీల్దారు. సర్కారు పైకంతో గుడి కట్టించి, లెక్క అప్పజెప్పలేక గోల్కొండ జైలుకు వెళ్ళారు. చివరికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలూ కట్టారంటారు. అందులో నాకు నచ్చేది, డబ్బు కట్టి ఊరకే వెళ్ళిపోకుండా రసీదు తీసుకోవడం. దేవుడంతటి వాడే రసీదు పుచ్చుకున్నాడు. మనకు సిగ్గెందుకు?

ఆఖరి మాట. వివరాల బిల్లు చూసిన రోజు సాయంత్రమే, అప్పీలు రాయకముందే, మా మనవణ్ణి పిలిచి ఆ తేదీ చూపించాను. "తప్పు నాదిరా" అన్నాను. నిందవేసింది చుట్టాల ముందు కాబట్టి, తరువాత వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ ముందు కూడా అన్నాను. వాడు అన్నానికి నా పక్కన కూర్చోవడానికి మరో వారం పట్టింది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, నా ఫోనుకు వాడే రీఛార్జి చేయిస్తాడు. చేయించిన ప్రతిసారీ ఫోను చేసి, "రసీదు పంపాను తాతయ్యా, తేదీ చూసుకో" అంటాడు. నవ్వుతూనే అంటాడు గాని, నేను మాత్రం ప్రతిసారీ కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంటాను.

కంపెనీ నాకు తిరిగి ఇచ్చింది 200 రూపాయలు. బిల్లు చదవకుండా ఇంట్లో పిల్లల మీద కేకలు వేయకండి. ముందు తేదీ చూడండి.