క్లచ్ ప్లేట్లూ మన హక్కులే

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను మాత్రం మోటారు సైకిలు క్లచ్ ప్లేట్ల గురించి మాట్లాడతాను. నవ్వుతున్నారు, నవ్వండి. చివరికి ఈ రెండూ ఒకటేనని మీరే అంటారు.

మనం పనిచేసే ఊళ్లు ఎలాంటివో మీకు తెలుసు. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు. 2022 ఏప్రిల్‌లో వీటిని పార్వతీపురం మన్యం జిల్లాలో కలిపారు. అంతకుముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవి. జిల్లా పేరు మారినా ఘాట్ రోడ్డు ఎక్కుడు మారలేదు. బస్సు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి సవర, జాతాపు గూడేలకు నడకే, లేదంటే బండి. నిండు గర్భిణులను డోలీల్లో మోసుకొచ్చే ఏజెన్సీ ఇది. 2018లో ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో బైకు అంబులెన్సులు పెట్టింది. ఈ దారుల్లో రెండు చక్రాల విలువ ఎంతో ఒప్పుకున్నట్టే కదా!

సంస్థల్లో మనకు దక్కే బండ్లు ఎలాంటివి? కొత్తది వస్తే పై అధికారికి, ఆయన వాడి వదిలేసింది ఫీల్డు కార్యకర్తకు. నాకు అలా వచ్చినది పాత హీరో హోండా. 1985లో ఈ కంపెనీ సి.డి. 100 బండిని తెచ్చినప్పుడు, పెట్రోలు పోసి మూతపెట్టి ఇక మరిచిపొమ్మని ప్రకటనలు ఇచ్చేది. మైలేజీ సంగతి నిజమే. క్లచ్ మాత్రం మరిచిపోనివ్వదు.

ఒక సాయంత్రం కొండ మీది గూడెం నుంచి కబురొచ్చింది. తాగొచ్చిన మొగుడు పెళ్లాన్ని ఇంట్లోంచి గెంటేశాడట. బయల్దేరాను. ఎక్కుడు మొదలైన చోట ఇంజను గోల పెడుతోంది, చక్రం మాత్రం కదలదు. కాలిన వాసన వస్తోంది. బండిని తోసుకుంటూ వెళ్లేసరికి రాత్రయింది. అంతసేపూ ఆమె పొరుగింటి అరుగు మీద పిల్లనెత్తుకుని కూర్చుంది. 2005 గృహహింస చట్టం కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా, రక్షణాధికారి దగ్గరకు ఆమెను చేర్చాల్సిన బండి కదలకపోతే ఆ చట్టం కొండ కిందే ఆగిపోతుంది.

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే, బండి చూడకుండానే మిస్త్రీ, "ఇంజను మొత్తం దించాలమ్మా. మీకివన్నీ తెలీవు గాని, మీ ఆఫీసులో మొగోళ్లనెవర్నైనా పంపండి" అన్నాడు. ఆ మాటే నన్ను పని నేర్చుకునేలా చేసింది. మరో షెడ్డులో ఒక పెద్దాయన పక్కన పీట వేసుకుని కూర్చుని చూశాను. ఇంజను దించనే అక్కర్లేదు. మార్చాల్సింది నాలుగైదు ప్లేట్లు, ఒక ప్యాకింగు, అవసరమైతే స్ప్రింగులు.

అసలు క్లచ్ అంటే ఏమిటి? ఇంజను తిప్పే శక్తిని గేర్ల పెట్టెకు అందించే చెయ్యి. ఒరిపిడి పదార్థం అంటించిన ప్లేట్లు, నున్నటి ఉక్కు ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటిని గట్టిగా నొక్కిపెడతాయి. లీవరు పట్టుకుంటే పట్టు విడుస్తుంది, వదిలితే పట్టుకుంటుంది. ఒరిపిడి పొర అరిగిపోతే ప్లేట్లు జారతాయి. ఎక్సలేటరు తిప్పితే మోత పెరుగుతుంది గాని వేగం పెరగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎక్కుడులో మొరాయిస్తుంది.

అయితే జారిందని వెంటనే విప్పెయ్యకండి. ముందు క్లచ్ వైరు చూడండి. లీవరు చివర ఒకటి రెండు సెంటీమీటర్లు వదులుగా ఆడాలి. వైరు బిగుసుకుని ఉంటే మంచి ప్లేట్లు కూడా జారతాయి. తర్వాత ఆయిలు. ఈ బండ్లలో ఇంజను ఆయిల్లోనే క్లచ్ మునిగి ఉంటుంది. కారు ఆయిలు పోస్తే కొన్నిసార్లు ప్లేట్లు పట్టు తప్పుతాయి. మోటారు సైకిలు ఆయిలే పొయ్యాలి. ఈ రెండూ సరిగా ఉండీ జారుతుంటే అప్పుడు విప్పాలి.

ఇంజను ఆపి, సైలెన్సరు చల్లారనివ్వండి. కొంగు, జడ బిగించుకోండి, గాజులు తియ్యండి. డ్రైన్ నట్టు విప్పి ఆయిలు డబ్బాలోకి పట్టండి, చేలోనో కాలవలోనో పారబోయకండి. క్లచ్ ఉండేది కుడివైపు. కిక్కు రాడ్డు, అడ్డొచ్చే ఫుట్‌రెస్టు తీసి, కవరు బోల్టులు విప్పండి. పొడుగూ పొట్టీ బోల్టులు కలిసిపోకుండా అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటిదో అక్కడే గుచ్చండి. లోపల స్ప్రింగుల్ని పట్టి ఉంచే నాలుగు బోల్టులుంటాయి. వాటిని ఒక్కోటీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చెయ్యాలి. మధ్యలో ఉన్న నట్టో, లాకో తీస్తే ప్లేట్ల దొంతర బయటికొస్తుంది. వచ్చిన వరస రాసి పెట్టుకోండి.

పాత ప్లేటును కొత్తదాని పక్కన పెడితే అరుగుదల కళ్లకే తెలుస్తుంది. ఉక్కు ప్లేట్లను అద్దం మీద పెట్టి చూడండి. వంగినా, వేడికి నీలంగా మారినా అవీ మార్చాలి. కొత్త ఒరిపిడి ప్లేట్లను రాత్రంతా ఇంజను ఆయిల్లో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే కాలిపోవచ్చు. అదే వరసలో పేర్చి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, పాత ప్యాకింగు గీకి కొత్తది వేసి, కవరు మూసి, ఆయిలు పోసి, వైరు సరిచేసుకోండి. ముందు చదును రోడ్డు మీద నడిపి చూసి, ఆ తర్వాతే కొండెక్కండి. ఎప్పుడూ లీవరు మీద వేళ్లు పెట్టుకుని నడపకండి. ప్లేట్లు అరగడానికి సగం కారణం అదే.

ఇందులో బలంతో పనేముంది? నిదానం, వరస, శుభ్రత. నట్టు గట్టిగా ఉంటే పొడుగు పానా వాడతాం, మగవాళ్లు చేసేదీ అదే. మరి ఈ పని మనది కాదని ఎవరు తేల్చారు? చట్టం కూడా కొంత తేల్చింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను చూడండి. నడుస్తున్న యంత్రాన్ని శుభ్రం చెయ్యడానికి, నూనె పెట్టడానికి, సరిచెయ్యడానికి స్త్రీలను, మైనర్లను అనుమతించరాదని ఒకే వాక్యంలో రాశారు. ప్రమాదం మగవాడికీ ప్రమాదమే. కావలసింది యంత్రానికి రక్షణ కవచం, స్త్రీకి నిషేధం కాదు. సినిమా మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకు మేకప్ కార్డు ఇవ్వకుండా జుట్టు దువ్వే పనికే పరిమితం చేస్తే, చారు ఖురానా అనే కళాకారిణి సుప్రీంకోర్టుకెక్కింది. 2014లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఇది ఆడపని, ఇది మగపని అని గీత గీసే హక్కు ఏ సంఘానికీ లేదని దానర్థం.

తమిళనాడు పుదుక్కోట్టైలో 1991 తర్వాత అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. చదువుతో సమానంగా కదలికను లెక్కించిన ఉద్యమం అది. నడపడం దగ్గరే మనం ఆగిపోకూడదు. నడపడం వచ్చి బాగుచేయడం రాకపోతే బండి తాళం మన చేతిలో, ప్రయాణం ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

అందుకే మన సంస్థల ముందు నాలుగు కోర్కెలు పెడదాం. గేరు బండి లైసెన్సుకయ్యే ఖర్చు సంస్థే భరించాలి. గేరు లేని బండి లైసెన్సుతో ఇది నడపకూడదు. ప్రతి ఆఫీసులో పానాల సెట్టు, ఒక జత ప్లేట్లు, వైరు ఉండాలి. మరమ్మతు పుస్తకం బండి నడిపే మనిషి దగ్గరే ఉండాలి. కొత్త బండి వస్తే కొండ ప్రాంతపు కార్యకర్తకే ముందు ఇవ్వాలి.

బిల్లు చూసి "ఇంజను దించావా, ప్లేట్లే మార్చావా, పాతవి చూపించు" అని అడగగలిగిన రోజు మిస్త్రీ కూడా మనతో మర్యాదగా మాట్లాడతాడు. నాతో అలాగే మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయట చెట్టుకింద పాత బండి ఒకటి విప్పుదాం. కొంగు బిగించుకుని రండి.