పెరటి చేపల కుంట: వసంతకాలపు ఏర్పాట్లు

 

ఇంటి వెనక ఉండే చిన్న చేపల కుంటను వసంతకాలానికి ఎలా సిద్ధం చేయాలో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం. ఇందులో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఉన్నాయి. నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. ముందు దానితోనే మొదలుపెడతాను.

అది 1990 మార్చి నెల. నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. మా చిన్నాన్నగారు రైల్వే ఉద్యోగి. హౌరాలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న షాలిమార్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక 10 సెంట్ల కుంట. అక్కడి లెక్కలో 6 కాఠాలు. బెంగాలీలు దాన్ని ‘పుకూర్’ అంటారు. అందులో బొచ్చె, శీలావతి, మోసు చేపలుండేవి. బెంగాలీలో వాటినే కాత్లా, రుయి, మృగేల్ అంటారు.

షాలిమార్ పక్కనే శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానం ఉంది. దాన్ని 1787లో స్థాపించారు. మన సామర్లకోటలో పరిశోధనలు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఆ తోటకు అధిపతిగా వెళ్ళాడు. ఆయన తరువాత కొంతకాలం ఆ బాధ్యత చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద గొప్ప గ్రంథం ప్రచురించాడు. శీలావతి, బొచ్చె చేపల శాస్త్రీయ నామాల పక్కన ఈనాటికీ ఆయన పేరు, ఆ సంవత్సరం కనిపిస్తాయి. అంతటి చోటికి వెళ్ళానన్న ఉత్సాహంలో, “చిన్నాన్నా, ఈ కుంటను నేను బాగుచేస్తాను” అన్నాను.

చలికాలమంతా రాలిన ఆకులు అడుగున కుళ్ళి నల్లటి బురదగా మారాయి. నీరు నడుము లోతుకు తగ్గింది. చేపలు లోపల ఉండగానే 30 కిలోల పొడి సున్నం, ఒక బండి పచ్చిపేడ ఒకేరోజు వేయించాను. మూడోరోజు పగలంతా మబ్బు పట్టింది. రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారేసరికి చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడుతున్నాయి. పొద్దెక్కేలోగా చాలావరకు చనిపోయాయి. చిన్నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “ఈ కుంటను పూడ్చి ఇంకో గది వేసుకుందాం లేరా” అన్నారు. ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ చేపలు ఎందుకు చనిపోయాయి? కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి కారణం ఆక్సిజన్. మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేపకు, బాక్టీరియాకు శ్వాసక్రియ పెరుగుతుంది. అంటే వసంతంలో ఖర్చు పెరిగి, నిల్వ తగ్గుతుంది. పైగా ఆక్సిజన్‌ను తయారుచేసే వృక్షప్లవకాలకు ఎండ కావాలి. మబ్బు పట్టిన రోజున ఉత్పత్తి తక్కువ. రాత్రి అసలే లేదు. అందుచేత నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. పచ్చిపేడను కుళ్ళబెట్టే బాక్టీరియా ఉన్న కాస్తా వాడుకున్నాయి.

రెండవ కారణం అమ్మోనియా. పేడ, బురద, చేపల విసర్జన నుండి ఇది పుడుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాను వల్ల చేపకు పెద్దగా హాని లేదు. అమ్మోనియా వాయువు మాత్రం విషం. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు 5 వంతులు, 9 అయితే సుమారు 36 వంతులు ఉంటుంది. నేను వేయించిన సున్నం పీహెచ్‌ను పెంచింది. అదేరోజు వేయించిన పేడ అమ్మోనియాను ఇచ్చింది. రెండూ మంచివే. కలిపి వేయడమే తప్పు.

మూడవ కారణం వాన. చల్లటి వాననీరు బరువెక్కువ కనుక కిందికి దిగుతుంది. గాలి కూడా నీటిని కలియబెడుతుంది. అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీరు, కుళ్ళుగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడుతో సహా పైకి వస్తుంది. చేపకు తప్పించుకునే చోటు మిగలలేదు.

చూశారా! మూడు కారణాలకూ మూలం అడుగు బురదలోనూ, దానిమీద నేను వేయించిన వాటిలోనూ ఉంది. కాబట్టి కుంట పనిలో వరుస ముఖ్యం. ముందు బురద, తరువాత నీరు, ఆ తరువాత చేప.

ఏడాదిపాటు నన్ను ఆగమని చిన్నాన్నగారిని బతిమాలాను. 1991లో మాఘమాసం చివర మళ్ళీ వెళ్ళి ఈ వరుసలో పని చేశాం.

మిగిలిన చేపలను పట్టి, నీరు తోడించాం. నేల నెర్రెలు విచ్చేవరకు ఎండనిచ్చాం. ఎండిన బురదలోకి గాలి చేరి, అందులోని విషవాయువులు పోతాయి. పైనున్న నల్లటి మట్టిని తీసి పెరటిమొక్కలకు వేశాం. గుర్రపుడెక్కను వేళ్ళతో సహా ఏరేశాం.

తరువాత సెంటుకు 1 కిలో చొప్పున 10 కిలోల సున్నం చల్లాం. నేల బాగా ఆమ్లగుణం కలదైతే ఇంకొంత కావాలి. సున్నం ఘాటైనది. చల్లేటప్పుడు కళ్ళకు, చేతులకు తగలకూడదు. గాలికి ఎదురుగా నిలబడకూడదు.

వారం రోజులు ఆగి నీరు పెట్టాం. ఆ తరువాతనే సెంటుకు 10 కిలోల చొప్పున పేడ వేశాం. రెండు వారాల్లో నీరు లేత ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన ఛాయకు వచ్చింది. అదే ప్లవకాల పంట, చేపపిల్లలకు తొలి భోజనం.

కుంటను ఎండబెట్టే వీలు లేకపోతే ఏం చేయాలి? పిల్లలను తినే కొర్రమీను, వాలుగ వంటి చేపలను తొలగించడానికి రైతులు ఇప్పచెక్క వాడతారు. మీటరు లోతు నీటికి సెంటుకు 10 కిలోలు. అందులోని సాపోనిన్ చేపల రక్తకణాలను పగలగొడుతుంది. ఆ విషం విరగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. తరువాత అదే ఎరువవుతుంది. ఆ మూడు వారాలు ఓపిక పట్టనివారు కొత్త పిల్లలను కూడా పోగొట్టుకుంటారు.

ఇక చేపపిల్లలు. ఒకప్పుడు వీటిని నదుల్లో ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ అలికున్హి పీయూషగ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి, మన గండుచేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10న జాతీయ మత్స్యరైతు దినోత్సవం జరుపుకుంటాం. వానకాలంలో అలా పుట్టి, చలికాలం దాటిన పిల్లలనే వసంతంలో వదులుతారు.

మేము సెంటుకు 20 చొప్పున 200 పిల్లలను వదిలాం. బొచ్చె 80, శీలావతి 60, మోసు 60. బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమినీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఒకదాని కూడు మరొకటి లాక్కోదు. పిల్లలున్న సంచిని ముందు పావుగంటసేపు నీటిమీద తేలనిచ్చి, లోపలి వేడిమి, బయటి వేడిమి సమానమయ్యాక వదిలాం.

ఆ ఏడు చేపలు బతికాయి. గది వేసుకునే మాట మళ్ళీ రాలేదు. తరువాత చట్టం కూడా తోడైంది. పశ్చిమ బెంగాల్ 1984 నాటి ఇన్‌లాండ్ ఫిషరీస్ చట్టానికి 1993లో చేసిన సవరణ ప్రకారం, 5 కాఠాలు, అంటే సుమారు 8 సెంట్లు, అంతకు మించిన చేపల కుంటను పూడ్చి వేరే పనికి వాడకూడదు. అయితే పూడ్చకపోయినా, పట్టించుకోని కుంట తనంతట తానే పూడిపోతుంది. ఏటా ఒకసారి బురద తీసే చేతులుంటేనే ఏ చట్టమైనా దాన్ని కాపాడగలదు.

మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. 20 సెంటీమీటర్ల వెడల్పు రేకును గుండ్రంగా కత్తిరించి, నాలుగు భాగాలు చేసి, ఒకటి తెలుపు, ఒకటి నలుపు చొప్పున రంగు వేయండి. కింద బరువు, పైన గుర్తులున్న తాడు కట్టండి. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో వాడిన తెల్లటి పళ్ళెం నుండి వచ్చిన సాధనం ఇది. పెద్దవారిని తోడు తీసుకుని మీ ఊరి చెరువుకు వెళ్ళి దీన్ని నీటిలోకి దించండి. 20 నుండి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే ప్లవకాలు తగినంత ఉన్నాయి. అంతకు ముందే మాయమైతే పేడ ఆపాలి. బాగా లోతుకు కూడా కనిపిస్తుంటే చేపకు మేత చాలదు. వానకు మట్టి కలిసిన నీటికి మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఒకరోజు సూర్యోదయానికి ముందు కూడా వెళ్ళి చూడండి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే అవి ఆడుకుంటున్నాయనుకోకండి. ఊపిరి అందడం లేదని చెబుతున్నాయి. ఆ మాట నాకు 1990లో కాస్త ముందుగా అర్థమై ఉంటే బాగుండేది. మీకు ఇప్పుడే తెలిసింది కదా!