ప్లీహంలో నీటి బుడగ: సూది పెట్టించుకునే ముందు

నేను కువైట్‌లో సర్జరీ వార్డు నర్సుని. మజ్రాలో గొర్రెలు చూసుకునే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉందని స్కానింగ్ తీయిస్తే ప్లీహంలో నీటి బుడగ ఉందన్నారు. సూదితో నీళ్ళు లాగేస్తే పోతుంది కదా?"

వద్దు తమ్ముడూ. ముందు అదేం బుడగో తేలాలి.

ప్లీహం వాస్తే మన ఊళ్ళలో కడుపులో బల్ల పెరిగింది అంటారు, అదే ఇది. దెబ్బ తగిలినా అందులో బుడగ రావచ్చు. గొర్రెలు, కుక్కల మధ్య ఉండేవాళ్ళకైతే ఇంకో అనుమానం: హైడాటిడ్. కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్లు దాని పెంటతో బయటపడి, చేతులకో నీళ్ళకో అంటి మన నోట్లోకి పోతాయి. ఎక్కువగా లివర్‌కి పడుతుంది, ప్లీహానికి అరుదు. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది కాబట్టి ఇక్కడ అంటిందో, ఊళ్ళో మంద వెంట తిరిగినప్పుడు అంటిందో చెప్పలేం. మనిషి నుంచి మనిషికి అంటదు, రూమ్మేట్లు భయపడక్కర్లేదు.

అందుకే "నేను గొర్రెల దగ్గర పని చేస్తాను, అక్కడ కుక్కలున్నాయి" అని డాక్టర్‌కి మొదటే చెప్పండి. అరబీ రాకపోతే ఫోన్‌లో రాయించి పెట్టుకోండి. అప్పుడు వాళ్ళు బుడగలో పిల్ల బుడగలున్నాయా, గోడకి సున్నం పట్టిందా అని చూస్తారు. సీటీ, రక్తపరీక్ష కూడా చేస్తారు. రక్తపరీక్ష నెగటివ్ వచ్చినా జబ్బు లేదని తేలిపోదు.

తెలియక సూది గుచ్చితే, లోపలి నీళ్ళు కారి ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ రావచ్చు, పొట్టంతా కొత్త బుడగలు లేవచ్చు. ప్లీహానికి మామూలుగా ఆపరేషనే. దానికి తోడు ఆల్బెండజోల్ ఇస్తారు. నులిపురుగులకి ఒక్క బిళ్ళ మింగినట్టు కాదు, వారాలు, నెలలు వాడాలి. కొవ్వున్న తిండితో వేసుకోవాలి, మధ్యలో లివర్, రక్తం పరీక్షలుంటాయి. ఎండి సున్నం కట్టిన బుడగైతే ఒక్కోసారి స్కానింగులతో చూస్తూ ఉంటారు.

ప్లీహం మొత్తం తీసేస్తారంటే టీకాల సంగతి అడగండి. న్యుమోనియాకి, మెదడు పొరల వాపుకి వేసేవి, వీలైతే కనీసం 14 రోజుల ముందే పడాలి. ఆ తర్వాత ఎప్పుడు జ్వరమొచ్చినా పనడాల్ వేసుకుని పడుకోకండి, వెంటనే ఎమర్జెన్సీకి పోండి. ప్లీహం లేని ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. డ్యూటీ అయ్యాక పోదాంలే అనుకునేవాళ్ళని చూస్తే నాకు భయం. ఆపరేషన్ కాగితం ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. సెలవుకి ఊరెళ్ళేటప్పుడు మలేరియా మందు గురించి డాక్టర్‌ని అడగండి, వీళ్ళకి అదీ గట్టిగానే వస్తుంది. దోమతెర తప్పనిసరి.