డెబ్బై రెండో ఏట పోషకాహార పాఠాలు

(2024 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, మనకు రావలసిన డి.ఎ. బకాయిల గురించి నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "మీరేదో తిండి గురించి చదివారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి. ముప్ఫై ఐదేళ్ళు చిట్టాలు, అడంగళ్ళు, ఫైళ్ళు తప్ప మరొకటి ఎరగను. కాబట్టి నేను చెప్పేది వైద్యం కింద తీసుకోవద్దని ముందుగానే మనవి.

2021లో మా ఇంటావిడ పెరటి మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుగారు, మనిషి మరీ నీరసంగా ఉందే అని, "ఆహారం ఏం తీసుకుంటారు?" అని అడిగారు. ఆయన అడిగింది ఆవిడను. జవాబు చెప్పింది నేను. "అన్నీ తింటుందండీ" అన్నాను. ఆయన నా వంక చూసి, "నిన్న రాత్రి ఏం తిన్నారో చెప్పండి" అన్నారు. నాకు తెలియలేదు. నలభై ఆరేళ్ళ కాపురం. నిన్న రాత్రి ఆవిడ ఏం తిన్నదో నాకు తెలియలేదు. ఆవిడ మాత్రం, "మామూలేనండీ" అన్నది.

ఆ తర్వాత చూడడానికి వచ్చిన బంధువులు తలా ఒకటి చెప్పారు. ఒకరు అన్నం మానేసి రాగిజావ తాగమన్నారు. ఒకరు పాలు విషమన్నారు. మా తోడల్లుడు ఫోనులో వచ్చిన వీడియోలు రోజుకు నాలుగు పంపించేవాడు, ఒకదానికొకటి పొసగదు. సర్వీసులో ఉండగా ఏ విషయంలోనైనా సందేహం వస్తే అసలు జి.ఓ. తెచ్చి చదివేవాళ్ళం గాని, పక్క సీటువాడి మాట పట్టుకొని నోటు రాసేవాళ్ళం కాదు గదా. తిండి విషయంలోనూ అసలు కాగితం ఏదో చదువుదామనిపించింది.

మన తరంలో చాలామంది ప్రమోషను కోసం 1982లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఆ పద్ధతి తెలుసు కాబట్టి మా మనవరాలిని అడిగితే, ఢిల్లీ కేంద్రంగా ఉన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆహారం, పోషణ మీద సర్టిఫికెట్ కోర్సు ఉందని చూసి చెప్పింది. ముందు చదువు ఇంత ఉండాలన్న నిబంధన లేదు. పద్దెనిమిదేళ్ళు నిండాలట. నిండాయి అన్నాను. 2022 జనవరిలో చేరాను.

ఆ కోర్సు ఏర్పాటు చెబుతాను. మూడు పేపర్లు. మొదటిది మనమూ మన ఆహారమూ, రెండోది ఆహార వినియోగం, మూడోది ఆహారానికి సంబంధించిన ఆర్థిక విషయాలు. మొత్తం పదహారు క్రెడిట్లు. క్రెడిట్ అంటే ముప్ఫై గంటల చదువు. అంటే 480 గంటలు. రోజుకు గంట చొప్పున చదివితే ఏడాదీ నాలుగు నెలలు పడుతుంది. చురుకైనవాళ్ళు ఆరు నెలల్లో ముగించవచ్చు, నాబోటివాళ్ళు రెండేళ్ళు తీసుకోవచ్చు. పరీక్షలు జూన్‌లోనూ, డిసెంబరులోనూ. మధ్యలో నాకు కంటి శుక్లం ఆపరేషను జరిగి రెండు నెలలు పుస్తకం ముట్టుకోలేదు. సెలవు చీటీ లేదు, మెడికల్ సర్టిఫికెట్ లేదు, సంజాయిషీ మెమో లేదు. ముప్ఫై ఐదేళ్ళు హాజరుపట్టీలో సంతకం పెట్టిన చేతికి ఆ స్వేచ్ఛ మొదట్లో కొంత ఇబ్బందిగా ఉండేది. అందుకని ఒక నోటు పుస్తకంలో నాకు నేనే హాజరు వేసుకొనేవాణ్ణి. నవ్వకండి, అదే నన్ను నిలబెట్టింది.

పాఠాలు కష్టమైనవి కావు. పిండి పదార్థం గ్రాముకు నాలుగు క్యాలరీలు, మాంసకృత్తులకూ నాలుగే, కొవ్వుకు తొమ్మిది. ఇవి ఒకసారి నోటికి వస్తే మిగిలినదంతా కూడికలు, హెచ్చవేతలు. అది మనకు చేతనైన పనే. పెద్దవాళ్ళకు శరీరపు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి లెక్కకట్టాయి. ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఎవరికి ఎంత అందుతున్నదో చూద్దామనుకున్నాను.

"నీ తిండి లెక్క వారం రోజులు రాస్తాను" అన్నాను. "నా తిండికి లెక్కేమిటండీ" అన్నది. అయినా మనవరాలు కొనిచ్చిన చిన్న కాటా వంటింట్లో పెట్టాను. మొదటి మూడు రోజులు ఆవిడ నాతోపాటే కూర్చొని, పప్పు వేసుకొని, పెరుగు వేసుకొని శుభ్రంగా తిన్నది. జమాబందీకి అధికారి వస్తున్నాడంటే రికార్డులన్నీ సర్దిపెట్టుకొనే గుమాస్తాకు ఆ సంగతి అర్థం కాదా? ఆ మూడు రోజులూ కొట్టివేశాను. నాలుగో నాటికి విసుగుపుట్టి మామూలు పద్ధతిలో పడింది. ఆ రోజు లెక్క చెబుతాను.

పొద్దున కాఫీలో పాలు, రెండు గ్రాముల మాంసకృత్తులు. పదిగంటలకు, నాకు పెట్టగా మిగిలిన రెండు ఇడ్లీలు, నాలుగు గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యపు అన్నం, ఎనిమిది. గిన్నె అడుగున మిగిలిన పప్పు, రెండు. కూర ఒకటి, పల్చటి మజ్జిగ ఒకటి. సాయంత్రం కాఫీ, రెండు. రాత్రి మిగిలిన అన్నం, ఐదు. మజ్జిగ, ఆవకాయ బద్ద, ఒకటి. మొత్తం ఇరవై ఆరు గ్రాములు. ఆవిడ బరువు 52 కిలోలు. కావలసింది 43. పదిహేడు గ్రాములు తక్కువ. ఒక రోజు కాదు, మిగిలిన రోజులూ ఇంచుమించు అంతే.

నా పళ్ళెం లెక్క కూడా వేశాను. నాకు కావలసింది 55, నేను తింటున్నది 62. ముద్దపప్పు నాకు, గట్టి పెరుగు నాకు, బి.పి. ఉన్న మనిషినని సాయంత్రం వేయించిన శనగలు నాకు. ఇల్లు మొత్తంగా చూస్తే ఇద్దరికీ 98 కావలసిన చోట 88 ఉన్నది. పది గ్రాముల తేడా పెద్ద తేడాగా కనబడదు. మనిషివారీగా విడగొడితే గాని లోటు ఎవరి ఖాతాలో పడిందో తెలియలేదు. ఆ రాత్రి నేను ఆ కాగితం ఆవిడకు చూపించలేదు. రెండు రోజుల తర్వాత చూపిస్తే, చదివి, "ఇదంతా ఎవరు చదువుతారు, పుస్తకం తీసేయండి" అన్నది. నాకు మాత్రం తాలూకా ఆఫీసులో ఏ ఆడిట్ అభ్యంతరానికీ అంత సిగ్గు కలగలేదు.

ఆవిడ కావాలని మాడింది కాదు. వడ్డించేవాళ్ళు చివర తింటారు, చివరకు మిగిలేది అన్నమూ, మజ్జిగా, పచ్చడీ. మా అమ్మ అంతే, మా నాయనమ్మ అంతే. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన తర్వాత, ఇద్దరే ఉన్న ఇంట్లో కూడా ఆ వరస మారలేదు. మార్చాలని నాకు తోచనూ లేదు.

పదిహేడు గ్రాములు భర్తీ చేయడానికి పొడి డబ్బాలేవీ కొనలేదు. కందిపప్పు నూరు గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఆవిడ వంతుగా ముప్ఫై గ్రాముల పప్పు విడిగా తీసి పెట్టడంతో ఆరు. పల్చటి మజ్జిగ బదులు పూటకు చిన్న గిన్నెడు పెరుగు, ఆరు. గుప్పెడు వేరుశనగ గుళ్ళు, ఐదు. అంతే. ఇంకొకటి, భోజనం మేమిద్దరం ఒకేసారి కూర్చుంటున్నాము, ఆవిడ పళ్ళెంలో నేను వడ్డిస్తున్నాను. మొదట్లో ఆవిడకు నచ్చలేదు. ఇప్పటికీ పెరుగు ఎక్కువ వేశానని గొణుగుతుంది.

మా ఆవిడ ఇరవై ఏళ్ళ కిందటే మాంసం, గుడ్లు మానేసింది. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో బి12 విటమిన్ ఉండదని పాఠంలో చదివి డాక్టరుగారిని అడిగితే, పరీక్ష చేయించి, తక్కువగా ఉందని మాత్రలు రాశారు. చక్కెర జబ్బుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకొనేవారిలోనూ ఇది తగ్గవచ్చు. మనలో ఆ మాత్ర వేసుకొనేవారు సగం మంది ఉంటారు, ఒకసారి అడిగి చూడండి. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే తిన్న ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం నా పప్పు లెక్క పట్టుకోకండి, వారికి మాంసకృత్తులు ఎంత అన్నది డాక్టరు చెప్పాలి.

బియ్యం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మర పట్టిన తెల్లబియ్యంలో తవుడుతోపాటు బి1 విటమిన్ పోతుంది. అది చాలకపోతే వచ్చేది బెరిబెరి. మద్రాసు రాజధానిలో ఆ జబ్బు మన సర్కారు జిల్లాలలోనే ఎక్కువగా ఉండేది. తమిళదేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి వారిని అది కాపాడింది. 1918లో కూనూరులో మెకారిసన్ దొరగారు ఒక్క గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టారు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఊళ్ళోకి మర వచ్చాక దంపుడు బియ్యం తినడం నామోషీ అయిందని మా నాయనమ్మ అనేది. మాది గోదావరి జిల్లా. ఆ మాటకు ఇంత వెనక కథ ఉందని నాకు డెబ్బై రెండో ఏట తెలిసింది.

ఇక పరీక్షలు. 2023 డిసెంబరులో చివరి పేపరు. హాలు దగ్గర కుర్రవాడొకడు నన్ను ఆపి, "తాతగారూ, పిల్లల్ని దింపినవాళ్ళు బయట ఉండాలండీ" అన్నాడు. హాల్‌టికెట్ చూపించాను. వాడు లేచి నిలబడ్డాడు. పక్క బెంచీలో అంగన్‌వాడీ కార్యకర్త ఒకావిడ, ముందు బెంచీలో నర్సింగ్ చదివే అమ్మాయి. రాసిరాసి వేళ్ళు కొంకర్లు పోయాయి, రెండు ప్రశ్నలకు జవాబు కుదించాను. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ, "ఎలా రాశారు?" అని అడిగి, నేను చెప్పకముందే పళ్ళెం పెట్టింది. రెండు పళ్ళేలు పెట్టింది. ప్యాసయ్యాను. మార్కులు అడగవద్దు.

ఆవిడ ఇప్పుడు ఎలా ఉందంటారా, అదిగో ఆడవారి వైపు మూడో వరసలో కూర్చున్నది, మీరే చూడండి. మణికట్టు చలికాలంలో ఇప్పటికీ నొప్పి చేస్తుంది. పప్పు తిన్నంత మాత్రాన అన్నీ నయమయ్యాయని నేను చెప్పను. మధ్యాహ్నం పూట పడుకోవడం తగ్గింది, మళ్ళీ పడలేదు.

ప్రవేశాలు ఏటా జనవరిలోనూ, జూలైలోనూ ఉంటాయి. దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టాలి, మనవలున్నవారికి ఇబ్బంది లేదు. చేరకపోయినా చదువుదామనుకొనేవారికి నా పుస్తకాలు సంఘం ఆఫీసులో బీరువాలో పెట్టాను. ఇంగ్లీషువే గాని తేలిక ఇంగ్లీషు. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకువెళ్ళండి, నెల రోజుల్లో తిరిగి ఇవ్వండి. మా ఇంటి లెక్క రాసిన నోటు పుస్తకం కూడా అక్కడే పెడదామనుకున్నాను గాని, ఆవిడ ఒప్పుకోలేదు.